1971 ట్యాంకు డయోరమా: చరిత్ర తప్పకుండా ఎలా చేయాలి

‘ఇండియన్ ఆర్మీ ట్యాంకుకి ఏ పచ్చ వేయాలండీ?’ విజయనగరం, శ్రీకాకుళం వైపు మోడల్ కిట్లు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. అంతా అయ్యాక ఫోటో పంపి అడిగేది ఇంకోటి: ‘అన్నీ బాగానే చేశాను, కానీ ఎక్కడో నిజంగా అనిపించట్లేదు, ఎక్కడ?’ రెండో ప్రశ్నకి జవాబు చాలాసార్లు రంగులో ఉండదు. ట్యాంకు 1971ది. పక్కన సిపాయి చేతిలో తుపాకి కార్గిల్ నాటిది. కింద మట్టి విజయనగరం మెట్టలో ఎర్రమట్టి. వెనక ఇల్లు మన తీరం చుట్టిల్లు. విడివిడిగా ఏదీ తప్పు కాదు, కానీ ఇవన్నీ కలిసి ఉన్న చోటు గానీ రోజు గానీ ఎప్పుడూ లేదు.

అందుకే ఈ డయోరమా (ఒక చోటుని, ఒక పూటని చిన్న సైజులో చూపించే మోడల్ దృశ్యం) గైడ్ మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుపుతాను. 1971 నవంబర్ 20–21, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో జెస్సోర్ దగ్గర గరీబ్‌పూర్. మన వైపు 14 పంజాబ్ బెటాలియన్, దానికి తోడు 45 కావల్రీ ‘సి’ స్క్వాడ్రన్ పీటీ-76 ట్యాంకులు (నీళ్ళలో ఈదగలవి), ముక్తి బాహిని (బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన దళం). అటువైపు పాకిస్తాన్ ఎం24 చాఫీ ట్యాంకులు. తెల్లవారుజామున పొగమంచులో జరిగిన పోరు. యుద్ధం అధికారికంగా మొదలైంది డిసెంబర్ 3న కాబట్టి ఇది అంతకు ముందటి సంగతి. దీన్నే ఎంచుకోవడానికి నా కారణం సులభం: వరి పొలాలు, చెరువులు, వెదురు పొదలు ఉన్న నేల. సామాను మన చుట్టుపక్కలే దొరుకుతుంది. మీకు పంజాబ్‌లో జరిగిన 1965 అసల్ ఉత్తర్ పోరు గానీ, రాజస్థాన్‌లో జరిగిన 1971 లోంగేవాలా పోరు గానీ కావాలంటే పద్ధతి అదే, వివరాలు మారతాయి. వాటి గురించి కూడా అక్కడక్కడా చెబుతాను.

ఏం కావాలి

- 1/35 స్కేలు కిట్. పీటీ-76ని ట్రంపెటర్ ఈ స్కేల్లో చేసింది. మన రెండు జిల్లాల్లో షాపులో దొరకడం కష్టం, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి.
- మోడల్ గమ్ము (పల్చటిది), ఫెవిక్విక్, ఫెవికాల్, సందులు పూడ్చడానికి పుట్టీ. పెద్ద సందులకి ఎంసీల్ చాలు.
- కటర్, కొత్త బ్లేడ్లు, పట్టకారు, నీళ్ళతో రుద్దే ఎమరీ పేపర్ 400 నుంచి 1000 వరకు.
- యాక్రిలిక్ రంగులు, గ్రే ప్రైమర్, గ్లాస్ వార్నిష్ (మెరిసేది), మ్యాట్ వార్నిష్ (మెరుపు లేనిది).
- మి.మీ. గీతలు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు. దీన్ని చాలామంది కొనరు, కొనండి.
- నేలకి: చెక్క పలక, థర్మోకోల్, ఒండ్రుమట్టి, గోనెసంచి దారం, కొబ్బరి పీచు, కొండచీపురు.
- ఒక నోటుబుక్కు.

ఎయిర్‌బ్రష్ ఉంటే మంచిదే, లేకపోతే బ్రష్‌తోనే చేయొచ్చు. కిట్ కొనే స్తోమత లేకపోతే పీటీ-76ని అట్టతో, సన్‌బోర్డుతో కూడా కట్టొచ్చు. పెట్టెలాంటి బాడీ కాబట్టి స్కూలు పిల్లలకి కూడా ఒక దారికొస్తుంది. టర్రెట్ (ఫిరంగి ఉండే, పైన తిరిగే భాగం) మాత్రం శంఖువు తల కోసినట్టు ఉంటుంది, అట్ట చుట్టి కట్టాలి.

1. ముందు మూడు లైన్లు రాయండి

గమ్ము మూత తీయకముందే నోటుబుక్కులో మూడు రాయండి: ఎక్కడ, ఏ తేదీ, ఎవరి బండి. ‘1971 వార్’ అని రాస్తే సరిపోదు. అదే ఏడాది జైసల్మేర్ ఇసుకలో లోంగేవాలా, షకర్‌గఢ్ వైపు బసంతర్, బెంగాల్ బురదలో గరీబ్‌పూర్ అన్నీ జరిగాయి. మూడు చోట్లా నేల వేరు, ట్యాంకు వేరు, చలి వేరు.

మన వాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి లోంగేవాలా. పాకిస్తాన్ ట్యాంకు అనగానే అమెరికన్ ప్యాటన్ కిట్ కొనేస్తారు. ప్యాటన్లు అసల్ ఉత్తర్‌లో ఉన్నాయి, 1971లో బసంతర్‌లోనూ ఉన్నాయి. లోంగేవాలా మీదకి వచ్చిన వాటిలో ముఖ్యమైనది చైనా టైప్ 59, దానితో పాటు షెర్మన్లు. సినిమావాళ్ళు దొరికిన ట్యాంకుతో షూటింగ్ చేసుకుంటారు, వాళ్ళ అవసరం వాళ్ళది. మీరు దాన్ని ఆధారంగా తీసుకోకండి.

ఇంకో గొయ్యి అసల్ ఉత్తర్. సులభంగా దొరికే ప్యాటన్ కిట్లలో ఎం48ఏ3 ఒకటి. అది డీజిల్ ఇంజన్‌తో వియత్నాంలో తిరిగిన రకం. 1965లో పాకిస్తాన్ నడిపినవి ఎం47, పెట్రోల్ ఇంజన్ ఎం48. వెనక డెక్కూ, పొగ బయటికి వచ్చే భాగమూ వేరుగా ఉంటాయి. ముందు నుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం, వెనక నుంచి చూస్తే దాచలేరు.

2. ఒక్క ఫోటోని పెద్దగా నమ్ముకోండి

ఫోన్లో వందల ఫోటోలు దింపుకోవడం వల్ల అయోమయమే మిగులుతుంది. మీ తేదీకి, మీ చోటుకి దగ్గరగా ఉన్న ఒక్క ఫోటో ఎంచుకుని ప్రింటు తీసి బల్ల ముందు అంటించండి. మిగతావి సందేహం తీర్చుకోవడానికి మాత్రమే.

ఫోటో చూసేటప్పుడు నోటుబుక్కులో ఇవి రాసుకోండి: ఫిరంగి గొట్టం చివర ఎలా ఉంది, చక్రాలు ఎన్ని, ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) పైన వేలాడుతోందా, పెట్టెలూ తాళ్ళూ ఎక్కడ కట్టారు, నంబర్లు ఎక్కడ రాశారు, మనుషుల తలల మీద ఏముంది.

పీటీ-76లో గొట్టం చివర చూడటం మరీ ముఖ్యం. తొలి రకంలో వరసగా చాలా చీలికలున్న మజిల్ బ్రేక్ (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ తగ్గించే గొట్టం మొన) ఉంటుంది. తర్వాతి రకంలో రెండు గదుల బ్రేక్, దాని వెనక పొగ లాగే ఉబ్బెత్తు తొడుగు ఉంటాయి. ఫోటోలో ఏది ఉందో చూశాకే కిట్ ఆర్డర్ పెట్టండి.

మన సైన్యం టీ-55 ట్యాంకు చేసేవాళ్ళకి ఒక మాట. అది పాకిస్తాన్ టైప్ 59కి దగ్గరి చుట్టం. రెండూ ఐదు చక్రాలవే, రెంటికీ మొదటి చక్రానికీ రెండో దానికీ మధ్య ఖాళీ ఉంటుంది. టైప్ 59 టర్రెట్ మీద గాలి మర డోము కనిపిస్తుంది, టీ-55కి ఉండదు. మన ట్యాంకుని మనమే కొట్టుకోకుండా 1971లో భారత టీ-55ల గొట్టం మధ్యలో డబ్బాలాంటి దొంగ తొడుగు ఒకటి తగిలించారు. కిట్‌లో అది రాదు. సరైన లావు స్ట్రా ముక్కతో చేసి తగిలించుకోవాలి. ఆ ఒక్క ముక్క పెట్టారంటే తెలిసినవాడు మీ మోడల్ ముందు కాసేపు ఆగుతాడు.

మ్యూజియం బండ్లు, కూడళ్ళలో నిలబెట్టిన ట్యాంకులు ఆకారం చూసుకోవడానికి మంచివి. మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లో ఉన్న కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఈ పనికి మన దేశంలో అన్నిటికంటే ఉపయోగం. రంగు మాత్రం వాటిని చూసి వేయకండి. ప్రదర్శనకి పెట్టిన బండికి ఏళ్ళ తరబడి పూత మీద పూత వేస్తూనే ఉంటారు, మెరుపు కూడా యుద్ధం నాటిది కాదు. లోహం ఉప్పుగాలికి ఎలా పాడవుతుందో చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గరికి వెళ్ళండి. కానీ సముద్రం ఒడ్డు తుప్పుని తెచ్చి జెస్సోర్ ట్యాంకుకి పూయకండి.

3. కొలిచి చూడండి

అసలు కొలతని మిల్లీమీటర్లలో రాసి 35తో భాగించండి. అంతే లెక్క. పీటీ-76 బాడీ పొడవు 6.91 మీటర్లు, అంటే మోడల్లో 197 మి.మీ. వెడల్పు 3.14 మీటర్లు, అంటే 90 మి.మీ. కిట్ ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ ఉంటే వదిలేయండి. అట్టతో కట్టేవాళ్ళు మాత్రం ఈ రెండు అంకెలూ తప్పకూడదు.

ట్యాంకు కంటే పరిసరాల దగ్గరే స్కేలు ఎక్కువగా చెడుతుంది. ఇవి రాసి పెట్టుకోండి:

- 170 సెం.మీ. మనిషి: 48.5 మి.మీ.
- 180 సెం.మీ. తలుపు: 51 మి.మీ.
- 23 సెం.మీ. ఇటుక: ఆరున్నర మి.మీ.
- సైకిలు చక్రం: సుమారు 20 మి.మీ.
- మీటరు ఎత్తు వరి: 28.5 మి.మీ.
- 1 మి.మీ. ఇసుక రేణువు: మోడల్లో మూడున్నర సెం.మీ. రాయి

చివరిదాన్ని మళ్ళీ చదవండి. నాగావళి ఇసుక అలాగే చల్లితే మీ ట్యాంకు కంకర క్వారీలో నిలబడినట్టు ఉంటుంది.

4. కట్టడం

కిట్ భాగాలని సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ప్రతి ముక్కనీ గమ్ము లేకుండా ముందు పెట్టి చూడండి. ఇది అన్ని చోట్లా ఉన్న సలహానే కాబట్టి సాగదీయను. చరిత్రకి సంబంధించినవి మాత్రం నాలుగు.

ట్రాకు: పీటీ-76కి ఆరు చక్రాలు, పైన ట్రాకుని మోసే చిన్న రోలర్లు లేవు. కాబట్టి ట్రాకు చక్రాల నెత్తి మీద వాలి, మధ్యలో కుంగి ఉండాలి. రబ్బరు ట్రాకు బిగుతుగా తాడులా నిలబడితే ఫెవిక్విక్‌తో చక్రాలకి నొక్కి అంటించండి. చాఫీకి ఐదు చక్రాలు, పైన మూడు రోలర్లు. దాని కుంగు రోలర్ల మధ్య చిన్నచిన్నగా ఉంటుంది. పళ్ళ చక్రం పీటీ-76కి వెనక, చాఫీకి ముందు. ట్రాకుని తిరగేసి తొడగడం కూడా మామూలే, గమ్ము వేసే ముందు ఫోటోతో సరిచూడండి.

ముందున్న రేకు: నీళ్ళలోకి దిగేటప్పుడు ఎత్తే పలక ఇది. పొడి నేల మీద నడిచే ట్యాంకుకి మడిచే ఉంచండి. ఎత్తి పెడితే బాగుంటుందని చాలామంది ఎత్తుతారు. అలా అయితే ముందు చెరువు చూపించాలి.

మూత: టర్రెట్ మీద పెద్ద మూత ముందుకి తెరుచుకుంటుంది. తెరిస్తే లోపల కనిపిస్తుంది కాబట్టి ఒక మనిషిని నిలబెట్టి ఖాళీ కప్పేయండి. లోపలి యంత్రాలన్నీ చేయాలని కూర్చుంటే సంక్రాంతి దాటిపోతుంది, ఎవరికీ కనబడదు కూడా.

ట్యాంకు సిబ్బంది: ముగ్గురే. డ్రైవరు ముందు మధ్యలో, మిగతా ఇద్దరు టర్రెట్‌లో. బొమ్మలు మిగిలాయి కదా అని నాలుగో ట్యాంకు మనిషిని ఎక్కించకండి. పైన ఎక్కి కూర్చున్న పదాతి సిపాయిలైతే పరవాలేదు.

హెచ్చరిక: గోళ్ళ రంగు తుడిచే ద్రావకం ప్లాస్టిక్‌కి తగలనివ్వకండి, కరిగిపోతుంది. పల్చటి గమ్ము ఆవిరి తలనొప్పి తెస్తుంది, కిటికీ తెరిచి పని చేయండి.

5. రంగు: అందరూ అడిగేది

1971 నాటి నలుపు-తెలుపు ఫోటో చూసి ఫలానా కంపెనీ ఫలానా నంబరు అని తేల్చి చెప్పేవాణ్ణి నమ్మకండి. బూడిద రంగులోంచి పచ్చని లెక్కగట్టలేం. ఎండలో మాసిన పచ్చ, తడిసిన పచ్చ, నీడలో పచ్చ ఒకే బండి మీద మూడు రకాలుగా కనిపిస్తాయి.

నేను చెప్పేది ఇది. ముదురు ఆలివ్ గ్రీన్‌ని ఆధారంగా తీసుకుని, అందులో పదో వంతు ఇసుక రంగు కలపండి. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కొంత లేతగా చేయక తప్పదు. పైకి ఉన్న పలకల మీద ఇంకొంచెం లేత, చక్రాల వెనక ముదురు. తెలుపు కలిపితే పచ్చ పాలిపోయి పుదీనా రంగులోకి పోతుంది. అందుకే ఇసుక రంగు.

బజారులో ఇనప గేట్లకి వేసే ఎనామిల్ చవకే, కానీ మందంగా పడి బోల్టులూ గీతలూ మూసేస్తుంది. వాడకండి. ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరికే గ్రే ప్రైమర్ స్ప్రే వాడొచ్చు, అయితే ముందు కిట్ చట్రం ముక్క మీద కొట్టి ప్లాస్టిక్‌ని తినట్లేదని చూసుకోండి. ఒక అడుగు దూరం నుంచి, పల్చగా రెండు మూడు పూతలు.

మన తీరం గాలి తేమ ఇక్కడ అసలు శత్రువు. ముసురు రోజు, లేదా తెల్లవారి మంచు ఉన్నప్పుడు మ్యాట్ వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లగా పొగబారిపోతుంది. కళింగపట్నం, భోగాపురం వైపు ఉండేవాళ్ళు మధ్యాహ్నం ఎండ బాగా కాసినప్పుడే చేయండి. తెల్లబారితే కంగారు పడకండి. పొడి రోజున పల్చగా గ్లాస్ వార్నిష్ కొట్టి, ఆరాక మళ్ళీ మ్యాట్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

6. గుర్తులు, నంబర్లు

పీటీ-76 కిట్ పెట్టెలో వచ్చే డికాల్స్ (నీళ్ళలో తడిపి అంటించే గుర్తుల స్టిక్కర్లు) సోవియట్ సైన్యానివో, తూర్పు ఐరోపా దేశాలవో అయి ఉంటాయి. ఎర్ర నక్షత్రం అందంగా ఉందని అంటించకండి. అలాగే దేశభక్తితో టర్రెట్ మీద మువ్వన్నెల జెండా వేయడం కూడా. యుద్ధంలో అలాంటిది శత్రువుకి గురి చూపించినట్టే.

నేటి ఆర్మీ బండి నంబరులో ముందు పైకి చూసే బాణం గుర్తు, తర్వాత బండి తీసుకున్న సంవత్సరం రెండు అంకెలు ఉంటాయి. హైవే మీద కాన్వాయ్ వెళ్తుంటే చూసి ఆ నంబరే రాస్తే మీ 1971 జీపు 2014లో కొన్నదై కూర్చుంటుంది. పాత ఫోటోలో ఉన్న నంబరునే దించండి. అందులో కనబడకపోతే ఆ చోట మట్టి పూసి నంబరుని సగం దాచడం మంచి ఉపాయం, నిజానికి దగ్గరగా కూడా ఉంటుంది.

జీపు స్టీరింగు ఎటు వైపు? మన దేశం కదా, కుడి వైపే అనుకోకండి. మన రోడ్ల మీద పాత జీపుల వెనక ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని రాసి ఉండటం చూసే ఉంటారు. ఫోటో ఏం చెబితే అదే.

డికాల్ అంటించే ముందు ఆ చోట గ్లాస్ వార్నిష్ వేయాలి. మ్యాట్ రంగు మీద నేరుగా వేస్తే అంచుల కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

7. మనుషులు

1965, 1971 రెండింట్లోనూ మన సిపాయిది ఆలివ్ గ్రీన్ యూనిఫాం. మచ్చల యూనిఫాం చాలా తర్వాతిది, ఇప్పుడు కనిపించే కొత్త డిజైన్ 2022లో బయటికొచ్చింది. 1971 సిపాయి చేతిలో 7.62 మి.మీ. ఎస్ఎల్ఆర్ రైఫిల్, లేదా బ్రెన్ రకం ఎల్ఎంజీ (తేలిక మెషిన్ గన్), లేదా స్టెర్లింగ్ రకం కార్బైన్ ఉండాలి. కార్గిల్ నాటి ఇన్సాస్ రైఫిల్ గానీ ఏకే-47 గానీ పెట్టారంటే మిగతాదంతా వృథా. ముక్తి బాహిని కుర్రాళ్ళకి లుంగీ, పాత .303 రైఫిల్ బాగా కుదురుతాయి.

ట్యాంకు సిబ్బందికి నల్ల బెరే. సిక్కు సైనికులకి తలపాగా, దాని మీద హెల్మెట్ పెట్టకండి. ఎస్ఎల్ఆర్ మన ఒక్కరిదే కాదు, బ్రిటిష్ సైన్యం కూడా అదే కుటుంబం రైఫిల్ వాడింది. కాబట్టి బ్రిటిష్ బొమ్మల సెట్లలో పనికొచ్చే ఆయుధాలు వెతకండి. తలలు మార్చి, తలపాగా ఎంసీల్‌తో చుట్టుకోవచ్చు. ఎంసీల్ గట్టిపడకముందు తడి సూదితో మడతలు గీయాలి.

నవంబరు చివర, తెల్లవారుజాము, మంచు. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచిన బొమ్మలు ఆ పూట ఉండవు.

8. నేల: అసలు పని ఇక్కడే

విజయనగరం ఎర్రమట్టి కళ్ళకి ఇంపుగా ఉంటుంది, దాంతో బేస్ చేయాలని చేయి లాగుతుంది. పంజాబ్‌కి గానీ, జెస్సోర్‌కి గానీ అది పనికిరాదు. రెండూ నదులు మోసుకొచ్చిన ఒండ్రు నేలలు, పొడిగా ఉంటే బూడిద కలిసిన గోధుమ రంగు, తడిస్తే ముదురు. వంశధార గానీ నాగావళి గానీ వరద తీశాక గట్టున మిగిలే మెత్తని ఒండ్రు దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక గుప్పెడు చాలు. పాత మూకుడులో వేయించి, పురుగూ తేమా పోగొట్టి, టీ వడపోతతో ఒకసారి, పాత నైలాన్ గుడ్డతో ఇంకోసారి జల్లించండి. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా కడగాలి. లేకపోతే తేమ లాగి నెలల తర్వాత తెల్లగా ఉప్పు పైకి తేలుతుంది.

చెక్క పలక మీద థర్మోకోల్ ఎత్తుపల్లాలుగా కోసి ఫెవికాల్‌తో అంటించండి. దాని మీద నేరుగా స్ప్రే కొడితే కరుగుతుంది కాబట్టి, ముందు ఫెవికాల్, కాగితం గుజ్జు కలిపిన పూత వేయాలి. అది మెత్తగా ఉండగానే ట్యాంకుని ప్లాస్టిక్ కవరు చుట్టి నొక్కి, వెనక్కి కొంచెం జరిపి తీయండి. ట్రాకు అచ్చు దానంతట అదే పడుతుంది. ఈ పని మర్చిపోతే ట్యాంకు నేల మీద తేలుతున్నట్టే ఉంటుంది, ఎన్ని గడ్డిపరకలు అంటించినా ఆ లోపం పోదు. ఎంత లోతు? పీటీ-76 బరువు 14 టన్నులే, ఈదే బండి కాబట్టి తేలిక. రెండు మూడు మి.మీ. చాలు. ఇంకా బరువైన ట్యాంకు అదే పొలంలో ఇంకా దిగుతుంది. అసల్ ఉత్తర్‌లో నీళ్ళు వదిలిన పొలాల్లో ప్యాటన్లు కూరుకుపోయింది అందుకే.

పైరు సంగతి. నవంబరు మూడో వారం అంటే బెంగాల్‌లో ఆమన్ వరి పండి కోతకొచ్చే కాలం, మన సార్వా లాగే. పచ్చటి నాట్లు వేశారంటే నెల తప్పినట్టే. పండిన గోధుమ-పసుపు రంగు, కొన్ని మడుల్లో కోసిన మోళ్ళు. మోళ్ళకి కొబ్బరి పీచుని చిన్నచిన్న కట్టలుగా కత్తిరించి, ఫెవికాల్లో ముంచి వరసల్లో గుచ్చండి. నిలిచిన వరికి గోనె దారం పురి విప్పి, చివర కొండచీపురు పూత నుంచి చిటికెడు అంటించండి. అసల్ ఉత్తర్ చేసేవాళ్ళకి సెప్టెంబరు చెరకు కావాలి. నిలువెత్తు దాటిన పచ్చటి తోట, 70 నుంచి 85 మి.మీ. కొబ్బరి ఈనెకి పచ్చ కాగితం ఆకులు అంటిస్తే సరి. వెన్ను పెట్టకండి, ఆ నెలకి సాధారణంగా ఇంకా రాదు.

ఇక ఏవి పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు. వెదురు పొద, అరటి, ఈత చెట్టు పెట్టండి. జెస్సోర్ ఈత బెల్లానికి పేరున్న ప్రాంతం. చెరువులో గుర్రపుడెక్క ఉండొచ్చు, అప్పటికి బెంగాల్ నిండా ఉంది. మన తీరం సరుగుడు తోట వద్దు. చుట్టిల్లు అసలు వద్దు. అక్కడి పల్లె ఇల్లు దీర్ఘచతురస్రం, వెదురు తడికల గోడ, చూరు వంపు తిరిగిన గడ్డి కప్పు. కప్పుకి మళ్ళీ గోనె దారమే, జనపనార మిల్లుల ఊళ్ళో ఉన్నవాళ్ళకి దానికి కరువు లేదు. ఇంటి ముందు నీలం టార్పాలిన్, ప్లాస్టిక్ బిందె, ప్లాస్టిక్ కుర్చీ ఉండకూడదు. కుండ, ఇత్తడి బిందె పెట్టండి. బోర్డు పెడితే బెంగాలీ లిపిలో పెట్టండి. హిందీ బోర్డు చాలామంది డయోరమాల్లో కనిపిస్తుంది, ఎందుకో మరి.

టీ పొడి, ఎండుటాకులు వాడితే బాగా ఆరబెట్టి, ఫెవికాల్ నీళ్ళు పూర్తిగా పీల్చేలా చేయాలి. లేకపోతే తొలకరికి బూజు పడుతుంది.

పొగ కోసం దూది పెట్టకండి. ఎంత నల్ల రంగు వేసినా దూదిలాగే ఉంటుంది. పొగమంచుకి కూడా అంతే.

9. మట్టి, దుమ్ము, తుప్పు

ట్యాంకు మీద మట్టి, బేస్ మీద మట్టి ఒకటే కావాలి. జల్లించిన ఒండ్రులోంచి కొంత దాచి, అదే పొడిని పల్చటి ఫెవికాల్ నీళ్ళతో చక్రాలకీ, కింది అంచులకీ పూయండి. టర్రెట్ నెత్తి మీద బురద ఎగరదు, అక్కడ బూట్ల గుర్తులు చాలు.

తుప్పు మీద మన వాళ్ళకి మోజు ఎక్కువ. రోజూ నడిచే ట్యాంకుకి ఒళ్ళంతా తుప్పు ఉండదు. పొగ గొట్టం చుట్టూ, ట్రాకు సందుల్లో ఉంటుంది. ట్రాకు నేలని రుద్దే చోట ఇనుము మెరుస్తుంది. పెయింటు లేచిపోయిన చోట వెండి రంగు కాదు, ముదురు బూడిద గోధుమ వేయండి. తగలబడిన చాఫీ చేస్తే అప్పుడు మీ ఇష్టం. అయినా అది తగలబడిన పూటే అయితే మసి, మాడిన రంగు, బూడిద ఉండాలి, ఎర్ర తుప్పు రోజుల తర్వాత వస్తుంది.

10. సరిచూడటం

ఫోన్‌ని బేస్ అంచున, మోడల్లోని మనిషి కన్ను ఎత్తులో పెట్టి ఫోటో తీయండి. దాన్ని నలుపు-తెలుపు చేసి, మీ పాత ఫోటో పక్కన పెట్టండి. రంగు మాయ పోతుంది కాబట్టి తేలుతున్న ట్రాకు, లావైన గడ్డి, పెద్ద తలుపు అప్పుడు బయటపడతాయి.

తర్వాత నోటుబుక్కులో బేస్ మీద ఉన్న ప్రతి వస్తువు పేరూ రాసి, పక్కన ‘1971 నవంబరుకి ఉందా, ఈ ఊళ్ళో ఉందా’ అని రెండు గళ్ళు గీయండి. రెండింట్లో ఏదో ఒకటి నింపలేకపోయారంటే ఆ వస్తువు తీసేయండి. తీసేయడం వల్ల డయోరమా చెడిపోవడం నేను చూడలేదు.

మూడోది, ఏమీ తెలియని ఇంట్లోవాళ్ళని పిలిచి ‘ఇది ఏ కాలం, పొద్దున్నా సాయంత్రమా?’ అని అడగండి. ‘ఎండాకాలం మధ్యాహ్నం’ అన్నారంటే పైరు రంగో, మనుషుల బట్టలో మళ్ళీ చూసుకోవాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చే ఇంకొన్ని ప్రశ్నలు

*1/72లో చేయొచ్చా?* చేయొచ్చు, చోటూ డబ్బూ కలిసొస్తాయి. 35 బదులు 72తో భాగించండి. ట్యాంకు 96 మి.మీ. అవుతుంది. మట్టి మాత్రం ఇంకా మెత్తగా ఉండాలి, చాలావరకు రంగుతోనే చూపించాలి.

*కిట్‌లో తప్పు ఉందని తెలిసింది, సరిచేయాలా?* మూడడుగుల దూరం నుంచి కనిపిస్తే చేయండి. బోల్టులు లెక్కపెట్టే పని మీకు సరదా అయితేనే.

*పేరు పలక మీద ఏం రాయాలి?* ఒక నిర్దిష్టమైన ఫోటోలోని బండినే చేశారంటే చోటు, తేదీ, దళం రాయండి. ఫోటో ఆధారం లేకుండా ఊహించి కూర్చారంటే ‘గరీబ్‌పూర్ పరిసరాలు, 1971 నవంబరు’ అని ఆపేయండి. దళం పేరు రాశాక ఆ దళంలో పని చేసినవాళ్ళో, వాళ్ళ పిల్లలో చూసే అవకాశం ఉంది. మన జిల్లాల్లో సైన్యంలో చేసి వచ్చిన కుటుంబాలు తక్కువేం కాదు.

*బొబ్బిలి యుద్ధం చేయాలని ఉంది.* తప్పకుండా చేయండి, ట్యాంకుల కంటే కష్టమని తెలుసుకుని చేయండి. 1757 జనవరి 24కి ఫోటో లేదు. ఇప్పుడు కనిపించే కోటని చూసి కట్టకండి, అది తర్వాతి కాలంది. నాటిది మట్టి కోట. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల బండ్ల చక్రాలు, ఫ్రెంచి సిపాయిల బట్టలు ఆ దశాబ్దం నాటి చిత్రాల నుంచి తీసుకోవాలి, నెపోలియన్ కాలం బొమ్మల సెట్లు పనికిరావు. మట్టి విషయంలో మాత్రం అదృష్టవంతులు, పక్కన పెట్టిన ఎర్రమట్టి ఇక్కడ వాడుకోండి.

*పోటీకి విశాఖ తీసుకెళ్ళాలి, బస్సులో ఎలా?* బేస్‌ని అట్టపెట్టె అడుగుకి రెండు స్క్రూలతో బిగించండి. ట్యాంకుని బేస్‌కి కింద నుంచి ఒక స్క్రూతో పట్టించి ఉంటే మంచిది. డిక్కీలో వేయకండి, ఒళ్ళోనే పెట్టుకోండి. యాంటెన్నాలు విడిగా తీసి, అక్కడికి వెళ్ళాక గుచ్చండి.